డిర్రాకియం ఆవు

పుంగనూరులో ఆవుల సంగతి మాట్లాడని ఇల్లు ఉండదు. మునిరాజ ఇంట్లో అయితే రెండు ఆవుల సంగతి మాట్లాడుకునేవాళ్ళు. ఒకటి ఆయన భార్య రెడ్డెమ్మది. అది పెరట్లో రేకుల కొట్టం కింద నెమరేస్తూ ఉండేది. రెండోది మునిరాజది. అది రెండు వేల ఏళ్ళ పైబడిన గ్రీకు వెండి నాణెం మీద, బొటనవేలి గోరంత చోటులో, దూడకు పాలిస్తూ నిలబడి ఉండేది. ఈ రెండోది ఇంకా ఆయన చేతికి రాలేదు. ఫోనులో బొమ్మ చూసుకుని మురిసిపోవడమే.

మునిరాజకు మదనపల్లెలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. పొద్దున పుంగనూరులో బస్సెక్కి పోతాడు, పొద్దుగుంకాక వస్తాడు. వాళ్ళ నాయన అదే మదనపల్లె మార్కెట్టులో టమాటా బాక్సులు మోసి బతికినవాడు. మండీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ‘రేయ్’ అంటే చాలు, పలికేవాడు. కొడుకు చదువుకుని కుర్చీలో కూర్చున్నాడు గానీ, కుర్చీ వచ్చినంత సులభంగా మర్యాద రాలేదు. ఆఫీసులో ఆయన బల్ల దగ్గరకు వచ్చేవాళ్ళందరూ ఫైలు కోసమే వచ్చేవాళ్ళు. మనిషి మొహం చూసి మాట్లాడినవాళ్ళు తక్కువ. ఆ లోటు పూడ్చుకోవడానికి కొందరు తాగుతారు, కొందరు గుళ్ళు తిరుగుతారు. మునిరాజ నాణేలు పట్టుకున్నాడు.

మదనపల్లెలో నాణేలు పోగేసేవాళ్ళ సంఘం ఒకటి ఉంది. ఆదివారాలు ఒక లాడ్జి మేడమీది హాల్లో కూడతారు. అందరివీ టిప్పు కాసులు, తెల్లవాళ్ళ రూపాయలు, విజయనగరం వరహాలు. మునిరాజ ఒక్కడే గ్రీకు నాణేల మీద పడ్డాడు. వాటిమీద ప్రేమతోనే పడ్డాడని ఆయన చెప్పుకునేవాడు. అక్కడ పోటీ లేదన్నది కూడా నిజమే, కానీ ఆ మాట ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఏమైనా ఆయన లేచి మాట్లాడితే హాలంతా వినేది. ఏథెన్సు వాళ్ళు గుడ్లగూబను ముద్రించుకున్నారని, అది వాళ్ళ ఊరి దేవత పక్షి అని చెబితే అందరూ నవ్వేవాళ్ళు. గుడ్లగూబ ఇంటిమీద వాలితే శాంతి చేయించే ఊళ్ళు మనవి మరి. ఈజినా దీవి వాళ్ళు సముద్రాన్ని నమ్ముకుని బతికారు గనక తాబేలును వేసుకున్నారు. మెటపాంటం వాళ్ళు గింజలమ్మి గొప్పవాళ్ళయ్యారు, బార్లీ కంకిని వేసుకున్నారు. సైరీనీ ఊరి కథ దగ్గరికి వచ్చేసరికి మునిరాజ గొంతు తగ్గించేవాడు. ఆ ఊరి కొండల్లో సిల్ఫియం అని ఒక మందుమొక్క మొలిచేదట. ఊరు దాన్ని అమ్ముకుని బతికింది, నాణెం మీద దాని బొమ్మే కొట్టుకుంది, కడకు ఒక్క మొక్క మిగలకుండా పీకి అమ్మేసిందని చెబుతారు.

ఏ ఊరు దేనివల్ల బతికితే దాన్నే వెండి మీద వేసుకుందని ఆయన సిద్ధాంతం. ఆ లెక్కన మదనపల్లె వాళ్ళు నాణెం కొట్టిస్తే టమాటా వేసుకోవాలి, కుప్పం వాళ్ళు గ్రానైటు బండ వేసుకోవాలి, పుంగనూరు వాళ్ళకైతే ఆలోచించే పనే లేదు అని ముగించేవాడు. చప్పట్లు కొట్టేవాళ్ళు. కిందికి దిగి టీ తాగేటప్పుడు ‘మునిరాజ సార్’ అని పిలిచి గ్లాసు అందించేవాళ్ళు. ఆ పిలుపు వారమంతా ఆయన చెవిలో ఉండేది.

ఆయన పోగేసిన నాణేల వరసలో లేనిది డిర్రాకియం. ఆడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఒకప్పటి గ్రీకు రేవుపట్నం అది. ఆ ఊరి నాణెం మీద ఒకవైపు ఆవు, పొదుగు కింద దూడ. ఆవు మెడ వెనక్కి తిప్పి దూడను చూసుకుంటూ ఉంటుంది. రెండోవైపు చదరం లోపల ముగ్గులాంటి గీతలు. అవి తోటలని కొందరంటారు, నక్షత్రాలని కొందరంటారు. పుంగనూరు మనిషి దగ్గర ఆ నాణెం లేకపోవడం మునిరాజకు తలకొట్టేసినట్టుగా ఉండేది.

అది సంఘంలోనే ఉన్న గిరిబాబు దగ్గర ఉంది. గిరిబాబుకు కుప్పంలో గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీ. రాళ్ళ వ్యాపారం మీద దేశాలు తిరిగినప్పుడు ఎక్కడో కొన్నాడు. దాని చరిత్ర ఆయనకు ముక్క తెలియదు. దుడ్డుకు మాత్రం ఇవ్వనని తేల్చి చెప్పాడు. ఒక ఆదివారం మీటింగు అయ్యాక మునిరాజ భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. కొత్త ఇల్లు కట్టాడు, గృహప్రవేశం ఉంది. ముందు ఆవూదూడా గడప దాటాలి కదా. ఆయన భార్య సరళ ఫోనులో పుంగనూరు పొట్టి ఆవుల వీడియోలు చూసి చూసి, అలాంటిది ఇంట్లో ఉండాల్సిందేనని పట్టు పట్టింది.

“మీ ఆవు మా ఇంట్లో అడుగు పెట్టి ఆడే ఉండిపోతే, మా ఆవు మీ ఇంటికి వస్తాది సార్. దుడ్డు మాటే వద్దు,” అన్నాడు గిరిబాబు.

ఆ రోజు మునిరాజ పుంగనూరు దాకా బస్సులో నిలబడే వచ్చాడు. సీట్లు ఖాళీ అయినా కూర్చోవాలని తోచలేదు.

రెడ్డెమ్మది సదుం దగ్గర పశువులు మేపుకునే ఇల్లు. ఆమె ఆవు పేరు అమ్మణ్ణి. ఆమె తల్లి పెంచిన ఆవుకు మనుమరాలు. మనిషి నడుము దాకా కూడా రాదు, తెల్లగా ఉంటుంది, రెడ్డెమ్మ దగ్గితే చెవులు తిప్పుతుంది. అప్పటికి ఈని ఎక్కువ కాలం కాలేదు. కోడెదూడ. అమ్మణ్ణి ఇచ్చే పాలు మహా అయితే చెంబు నిండుతాయి. అయినా వాళ్ళ ఇంట్లో ఒక కట్టుబాటు. మూడు చన్నులు పితకాలి, నాలుగోది ముట్టుకోకూడదు. అది దూడది. పండగ వచ్చినా చుట్టాలు వచ్చినా అంతే. రెడ్డెమ్మకు పెళ్ళయిన కొత్తలో మునిరాజ దాన్ని చూసి నవ్వాడు. ఆ తర్వాత దాన్ని పట్టించుకోవడమే మానేశాడు.

గృహప్రవేశానికి ఆవును అడిగితే లేదనడం రెడ్డెమ్మ పుట్టింటి వాళ్ళకు తెలియదు. మునిరాజ ఒక్క రోజుకే అన్నాడు, ఆమె సరేనంది. అమ్మణ్ణి కొమ్ములకు పసుపు రాసి, నుదుట కుంకుమ పెట్టి, దూడతో సహా మినీ లారీ ఎక్కించింది. అది తూలి పడకుండా కింద గడ్డి పరిపించింది. ఎక్కించాక మొగుడి దగ్గరకు వచ్చి చెప్పింది.

“వాళ్ళు పాలు పితికేటట్టయితే ఒక చన్ను దూడకి వదలమని సెప్పు. మరిసిపోవద్దు. అది ఇంగా గడ్డి ముట్టలేదు.”

చెబుతానన్నాడు మునిరాజ. ఆవు సాయంత్రానికి తిరిగి రాదని ఆయనకు అప్పటికే తెలుసు.

కుప్పంలో ఇల్లు నేల నుంచి గోడల దాకా నల్లరాయి. ఆవు గిట్టలు జారతాయని గోనెసంచులు పరిచారు. అమ్మణ్ణి గడప దాటితే చుట్టాలందరూ ఫోనులు ఎత్తారు. సరళ దాని మెడ పట్టుకుని వదల్లేదు. మునిరాజ తెల్ల చొక్కా తొడుక్కుని ఒక పక్కన నిలబడి ఉంటే, వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఈయనెవరని అడిగాడు. “ఆవును తోలుకొచ్చినాయప్ప,” అన్నారు ఇంకెవరో. భోజనాల దగ్గర ఆయన్ని లారీ డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. ఆయన తినకుండానే ఆకు ముందు నుంచి లేచాడు.

అంతలో గిరిబాబు వచ్చి చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఆయన చేతిలో పెట్టాడు. లోపల దూది, దూది మీద డిర్రాకియం. మునిరాజకు అవమానం, ఆకలి రెండూ మాయమయ్యాయి. గిరిబాబే అందరినీ పిలిచి, మా మునిరాజ సార్ దీని కథ చెబుతాడు వినండని నిలబెట్టాడు. ఇక ఆయన్ని పట్టేవాళ్ళు లేరు. రేవు గురించి చెప్పాడు, అక్కడి ఆవుల మందల గురించి చెప్పాడు, ఆ నాణేలు డాన్యూబు నది దాకా ఎలా పోయాయో చెప్పాడు. ఆవు మెడ తిప్పిన తీరు వేలుపెట్టి చూపించాడు. లారీ డ్రైవరు వచ్చి ఆవును ఎక్కించాలా అని అడిగితే వద్దన్నాడు. పుంగనూరు దాకా డబ్బీ మూత తీస్తూ, వేస్తూ వచ్చాడు. నాలుగో చన్ను సంగతి చెప్పలేదు. దాచడమూ కాదు, కసీ కాదు. ఆ నాణెం ముందు అది ఆయనకు గుర్తే రాలేదు.

ఖాళీ లారీ చూసి రెడ్డెమ్మ ఆవు యాడ అని అడిగింది. వాళ్ళు మండలం పూజ పెట్టుకున్నారని, పూజ అయ్యేదాకా ఉంచమన్నారని చెప్పాడు. ఆమె లారీలోకి తొంగి చూసింది. “చన్ను సంగతి సెప్పినావా?” అంది. చెప్పానన్నాడు. ఒక్క రోజుకే అన్నదానితో కలిపి అప్పటికి మూడు అబద్ధాలు, మూడూ నిబ్బరంగానే ఆడాడు.

ఆ తర్వాతి ఆదివారం మదనపల్లెలో ఆయన జీవితంలో ఎప్పుడూ వినని చప్పట్లు విన్నాడు. రెడ్డెమ్మ మాత్రం రోజూ కొట్టం ఊడుస్తూనే ఉంది. పాలు లేక పొద్దున కాఫీ మానేసింది. అడిగితే, పరాయి పాలు తాగడం అలవాటు లేదంది.

ఒకరోజు ఆయన స్నానం చేస్తుంటే ఫోను మోగింది. రెడ్డెమ్మ ఎత్తింది. గిరిబాబు ఇంటి వాచ్‌మన్ గంగప్ప. పాపం, కల్లాకపటం లేని మనిషి. ఆవు కోసమే చేశానన్నాడు. “మీరు మా సార్‌కి బిళ్ళకు మారకం ఇచ్చిన ఆవు ఉండాది గదమ్మా, దాని దూడ సచ్చిపోయింది. ఆవు మేత ముట్టడంల్యా. ఏం సెయ్యాలో సెప్పండమ్మా.”

రెడ్డెమ్మ గట్టిగా మాట్లాడలేదు. ఎలా చచ్చిపోయిందో మాత్రం నిమ్మళంగా అడిగి తెలుసుకుంది. ఆ పాలు మందని, బంగారమని వీడియోల్లో చెబుతుంటే సరళ నమ్మింది. చుట్టాలకని, అభిషేకానికని, పిల్లలకని నాలుగు చన్నులూ పిండించేది. ఎవరూ వద్దని చెప్పకపోతే ఆమెకు మాత్రం ఎలా తెలుస్తుంది. దూడ పొదుగు కిందే నిలబడి ఆకలికి చచ్చింది.

మునిరాజ తల తుడుచుకుంటూ బయటికి వస్తే ఆమె ఫోను బల్ల మీద పెట్టింది. “ఆ బిళ్ళ ఎత్తుకో. పోయి నా ఆవును తోలుకొస్తాము,” అంది. తిట్టి ఉంటే ఆయనకు సులభంగా ఉండేది. ఆమె కళ్ళ ముందే డబ్బీ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. ఇంటి వెనక షెడ్డులో అమ్మణ్ణి కట్టేసి ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. దాని పక్కన ఒక దూడ నిలబడి ఉంది. మునిరాజ ఒక్క క్షణం దూడ బతికే ఉందనుకున్నాడు. తర్వాత కాళ్ళు చూశాడు. కర్రలు. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి కుట్టి, ఆవు పాలు చేపుతుందని నిలబెట్టారు. వాసనకు ఈగలు ముసురుతున్నాయి. అమ్మణ్ణి మెడ వెనక్కి తిప్పి దాన్ని నాకుతూ ఉంది. మెడ మడిచిన తీరు, చెవులు వాల్చిన తీరు, పొదుగు కింద దూడ తల, అన్నీ నాణెం మీద ఉన్నట్టే ఉన్నాయి. మునిరాజ వందసార్లు భూతద్దంలో చూసిన బొమ్మ అది.

రెడ్డెమ్మ దగ్గరగా వెళ్ళి ఒక్కసారి దగ్గింది. అమ్మణ్ణి చెవులు తిప్పింది, అరవలేదు. ఆమె దాని గంగడోలు నిమిరి, మొహం దాని మెడకు ఆనించి ఏడ్చింది. గంగప్ప తల దించుకుని అవతలికి పోయాడు.

గిరిబాబు మంచిగానే మాట్లాడాడు. ఇంట్లో సరళ అన్నం మానేసిందని, రాత్రంతా ఈ ఆవు అరుపులు పడలేకపోతున్నామని అన్నాడు. కర్ణాటక నుంచి ఒక ఆశ్రమం వాళ్ళు అడిగారని, రేపు పొద్దున వాళ్ళ బండి వస్తోందని చెప్పాడు.

“మాట ఇచ్చేసినా సార్. అయినా మొదటి హక్కు మీదే. ఇప్పుడు నా నాణెం నాకు ఇచ్చేయండి, ఇప్పుడే నా బండిలో ఎక్కించి పంపిస్తా,” అన్నాడు.

ఇంతకన్నా సులభం ఏముంది. చెయ్యి జేబులో పెట్టాలి, డబ్బీ తియ్యాలి. మునిరాజకు ఆ హాలు గుర్తొచ్చింది. ఖాళీ చేతులతో ఆ మెట్లు ఎక్కడం, ఏమైంది సార్ అని అడగడం, తర్వాత ఆ ‘సార్’ మెల్లగా ఊడిపోవడం, తను మళ్ళీ ఆవును తోలుకొచ్చినాయప్ప అయిపోవడం కళ్ళ ముందు కనిపించాయి. ఆవులు ఇంకా దొరుకుతాయి, ఇది దొరకదు అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా పడ్డాడు. సిగ్గుపడుతూనే నోరు తెరిచాడు.

“తేలేదప్పా. తొందరలో ఇంట్లోనే మరిసిపోయి వచ్చినాను,” అన్నాడు.

రెడ్డెమ్మ ఆవు మెడ మీద నుంచి తల ఎత్తింది. ఆయన మొహంలోకే చూస్తూ అంది.

“బాగా సూసుకో. జేబులో ఉండాదేమో.”

ఆయన ప్యాంటు జేబులు తడుముకున్నాడు. రెండూ తడుముకున్నాడు. చొక్కా జేబు దగ్గరికి మాత్రం చెయ్యి పోనివ్వలేదు. లేదు అన్నాడు. గిరిబాబు అయ్యో, పొద్దున్నే వాళ్ళ బండి వచ్చేస్తాది కదా అన్నాడు. సరళ కిటికీలోంచి రెడ్డెమ్మ వైపు చూస్తూ, నిజంగా మరిచిపోయి వచ్చారా అమ్మా అని అడిగింది.

రెడ్డెమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. “ఆయన లేదంటే లేదమ్మా,” అంది.

పోయే ముందు గంగప్పను పిలిచి, ఆశ్రమం వాళ్ళకు చెప్పమని కొన్ని మాటలు చెప్పింది. ఎడమవైపు నుంచి పితికితే తంతుంది, ఉలవలు నానబెట్టి పెడితే తింటుంది, ఉరుములకు భయపడుతుంది. దూడ తోలును ఆ రోజే పూడ్చిపెట్టమంది. మొగుడి వైపు చూడకుండా గేటు దాటింది.

పలమనేరు దాటి పుంగనూరు బస్సులో కూర్చున్నాక ఆమె చెయ్యి చాపింది.

“ఇప్పుడు సూపించు.”

ఇంకా దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆయన డబ్బీ తీసి ఇచ్చాడు. ఆమె అంతకు ముందు ఏ నాణెం చూపించమనీ అడిగింది లేదు. కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. చరిత్ర అడగలేదు. పొదుగు ఎక్కడుందో, దూడ ఎక్కడుందో, ఆవు ఎటు చూస్తోందో చెప్పించుకోకుండానే కనుక్కుంది. వేలి కొనతో దూడ వీపు తడిమింది.

“ఇది పాలు కుడస్తాండాది,” అంది. “దీనికి కడుపు నిండా వదిలినారు.”

డబ్బీ ఆయన ఒళ్ళో పెట్టేసి కిటికీ వైపు తిరిగింది. మునిరాజ వచ్చే ఆదివారం ఆశ్రమానికి పోయి అడుగుదామని అనబోయాడు. అలా పోనని తనకే తెలుసు గనక డబ్బీ తీసి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. పుంగనూరు బస్టాండులో దిగారు.

“రేపటినుంచి కాఫీ తాగుతా. పాలు తీసుకో,” అంది.

బస్టాండు ఎదురుగా చెంగయ్య అంగడి. మునిరాజ పాల ప్యాకెట్టు అడిగితే చెంగయ్య ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్ళలో ఆ ఇంటికి పాలు అమ్మి ఎరగడు.

“మీరు పాలు కొనేదేంది సార్? ఆవు ఒట్టిపోయిందా?”

రెడ్డెమ్మ పక్కనే నిలబడి ఉంది. మునిరాజ ఆమె వైపు చూడలేదు.

“ఊఁ, ఒట్టిపోయింది,” అన్నాడు.

రెడ్డెమ్మ ఆయన చేతిలో నుంచి ప్యాకెట్టు తీసుకుని ముందు నడిచింది.